తొమ్మిది సెకన్ల ఎలుగుబంటి

మార్చి 3, సోమవారం

పాత డైరీ ఒకటి అల్మారా అడుగున దొరికింది. తేదీలు కొట్టేసి ఇందులోనే రాస్తున్నాను. "చెప్పిందే ఇప్పటికి నాలుగుసార్లు చెప్పారు. నా చెవులు అరిగిపోయాయి. ఎక్కడైనా రాసుకోండి" అంది ఇంటావిడ. సరే, రాసుకుంటాను. కాగితం విసుక్కోదు కదా.

మా అమ్మడికి లోగో ఇచ్చారు!

లోగో అంటే, సినిమా మొదలయ్యే ముందు తీసినవాళ్ళ పేరు తెర మీదికి వస్తుంది, ఆ బొమ్మ. మా అమ్మడు పిల్లల సినిమాలు తీసే కంపెనీలో పద్నాలుగేళ్ళుగా బొమ్మలు వేస్తోంది. కానీ ఇన్నాళ్ళూ ఆకులే. చెట్లకు ఆకులు, కింద గడ్డి, వాన చినుకులు, వెనకాల నిలబడే జనం చొక్కాలు. మాట్లాడే బొమ్మలు, పరుగెత్తే బొమ్మలు, పిల్లలు పేరు పెట్టి పిలుచుకునే బొమ్మలు అన్నీ వేరేవాళ్ళవి. ఆఫీసులో ఆమెను 'ఆకులమ్మ' అంటారట. నవ్వుతూనే చెబుతుంది. పద్నాలుగేళ్ళు నేనూ నవ్వుతూనే విన్నాను.

ఇవాళ కంపెనీ పెట్టిన మేడమ్ గారు పిలిచి, "పాత లోగో ముసలిదైపోయింది, నాకంటే ముసలిది. కొత్తది నువ్వు చెయ్యి" అన్నారట. ఇక మీదట ఆ కంపెనీ ఏ సినిమా తీసినా అన్నిటికంటే ముందు మా అమ్మడి బొమ్మే కదులుతుంది! తొమ్మిది సెకన్లు!

"తొమ్మిది సెకన్లేనా? నాకు ఒక తుమ్ము రావడానికే అంతసేపు పడుతుంది" అంది ఇంటావిడ.

"ఆ తొమ్మిది సెకన్లకి రెండు వందల పదహారు బొమ్మలు గియ్యాలమ్మా" అంది అమ్మడు.

"అయ్యో, వేళ్ళు నొప్పి పుడతాయేమోనే!"

ఒక్క మాట మాత్రం ఉంది. నెలాఖరులోగా అది మేడమ్ గారికి నచ్చాలి. నచ్చకపోతే బయటివాళ్ళకు ఇచ్చేస్తారు, అమ్మడు మళ్ళీ ఆకులకు వెళ్ళాలి. ఎందుకు నచ్చదు? నచ్చుతుంది.

మార్చి 4

పాలాయనకు చెప్పాను. కింది వాటావాళ్ళకు చెప్పాను. తప్పు నంబరుకు ఫోన్ చేసిన ఒకాయనకు కూడా చెప్పాను. పాపం, ఆయన చాలా సంతోషించాడు.

మార్చి 6, గురువారం

గాలిపటం వేసింది, వద్దన్నారు. చందమామ వేసింది, వద్దన్నారు. బాగోలేక కాదట, ఎక్కడో చూసినట్టుందట. ఇప్పుడు ఎలుగుబంటి పిల్లను వేస్తోంది. అది కంపెనీ పేరులోని ఆరు అక్షరాలనూ చేతుల నిండా మోసుకొచ్చి వరసగా నిలబెడుతుంది. చూపించింది. ఎంత ముద్దుగా ఉందో! ఒక చెవి కాస్త వంగి ఉంది. బొద్దుగా, అమాయకంగా, ఎవరో ముఖ్యమైన పని అప్పజెప్పినట్టు ముఖం పెట్టుకుని ఉంది.

మేడమ్ గారు బొమ్మ బాగుందన్నారు. నడక బాగోలేదన్నారు. "ఇది నడవడం లేదమ్మా, దీన్ని ఎవరో తోస్తున్నారు" అన్నారట.

అమ్మడు భోజనం సగంలో లేచింది. ఇంటావిడా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నేను మిగతాది తినేశాను. వృథా చెయ్యకూడదని.

మార్చి 9, ఆదివారం

ఎలుగుబంటి ఎలా నడుస్తుందో చూడాలని అమ్మడితో జంతుప్రదర్శనశాలకు వెళ్ళాను. మూడు గంటలు చూశాం. అది ఒక చెవి కదిపింది, అంతే. పక్కన నిలబడ్డ ఒకావిడ, "మా ఆయనా ఇంతే" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బజారులో దిగి, కూరగాయలు, బియ్యం సంచి, ఇంటావిడ చెప్పిన బకెట్టు పట్టుకుని నడుస్తున్నాను. పక్కన అమ్మడు లేదు. వెనక్కి తిరిగితే ఇరవై అడుగుల దూరంలో ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నావే అక్కడ?"

"ఏం లేదు నాన్నా, నువ్వు నడు."

నడిచాను. చల్లగాలి. మంచి రోజు.

మార్చి 12, బుధవారం

సాయంత్రం అమ్మడు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"మేడమ్ నవ్వారు నాన్నా! మూడంటే మూడు అడుగులు గీసి చూపించాను. కుర్చీలోంచి లేచి నిలబడి నవ్వారు! మళ్ళీ వెయ్యి, మళ్ళీ వెయ్యి అని ఎనిమిదిసార్లు వేయించుకున్నారు. ఇదమ్మా నడకంటే, ఎక్కడ పట్టావు అని అడిగారు!"

"ఎక్కడ పట్టావు?" అన్నాను నేను కూడా.

అమ్మడు నా వంక చూసింది. ఇంటావిడ గరిటె పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీదేనండీ మహానుభావా! ఇంకెవరికుంది ఈ ఊళ్ళో అలాంటి నడక?"

నేను ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సు కండక్టరుగా చేశాను. కదిలే బస్సులో నిలబడటానికి కాళ్ళు ఎడంగా పెట్టడం అలవాటైంది. ఏ పక్కకు ఒరిగినా రెండో పక్కకు సర్దుకోవాలి. అది ఒంట్లోకి దిగిపోయింది. గట్టి నేల మీద నడిచినా నేల కదులుతున్నట్టే నడుస్తానట. "ఈయన రిటైరై పదకొండేళ్ళయింది గానీ ఇంకా బస్సు దిగలేదు" అని ఇంటావిడ అందరికీ చెబుతుంది.

ఈ శనివారం కాక ఆపై శనివారం స్టూడియోకు రమ్మన్నారు. బొమ్మలు వేసేవాళ్ళ పద్ధతి అదేనట. ముందు మనిషిని నడిపించి, వీడియో తీసుకుని, దాన్ని ఆపి ఆపి చూస్తూ గీస్తారట. అట్టపెట్టెలు చేతికిచ్చి నన్ను నడవమంటారట.

నేను! సినిమాకి!

మార్చి 13, గురువారం

చాలా సంతోషంగా ఉంది.

నా నడక చూసి మేడమ్ గారు లేచి నిలబడి నవ్వారంటే మామూలు విషయమా. రేపు ఎంతమంది పిల్లలు చూస్తారు, ఎన్ని ఊళ్ళలో నవ్వుతారు. నవ్వితే మంచిదే కదా. పిల్లల సినిమా కదా.

అమ్మడు ఏడో తరగతిలో ఉండగా తను మర్చిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి నేను బడికి వెళితే, గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "ఇంకెప్పుడూ రాకు నాన్నా, అందరూ నీలాగా నడిచి చూపిస్తున్నారు" అంది. అది నాకు గుర్తే లేదు. గురువారం. రెండు జడలకూ ఎర్ర రిబ్బన్లు. ఒక రిబ్బను ఊడిపోయి ఉంది. గుర్తు పెట్టుకోవలసిన విషయమేమీ కాదు.

చాలా సంతోషంగా ఉంది.

మార్చి 14, శుక్రవారం

ఆలోచించాను. మా అమ్మడికి పద్నాలుగేళ్ళ తర్వాత వచ్చిన అవకాశం. స్టూడియోలో పదిమంది ఉంటారు. ఆమె నాన్న వంకర టింకరగా నడిస్తే ఏం బాగుంటుంది? శనివారానికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. నడక బాగుచేసుకుంటాను. అమ్మడికి చెప్పను. ఒక్కసారిగా చూసి ఆశ్చర్యపోవాలి.

ఇంటావిడకు చెప్పాను. ఆవిడకు చెప్పకుండా ఈ ఇంట్లో గోరు కూడా తీసుకోలేం.

"నలభై ఏళ్ళుగా నేను చెబితే వినలేదు, సినిమా వాళ్ళు పిలిస్తే మాత్రం గుర్రంలాగా నడుస్తారా?" అంది. కానీ సుద్దముక్క తెచ్చి నడవా పొడుగునా గీత గీసింది.

మార్చి 16

గీత మీద అరవై సార్లు. నెత్తిన దిండు. ఇంటావిడ కుర్చీ వేసుక్కూర్చుని, "ఎడమ! ఎడమ! అది ఎడమ కాదు!" అని అరుస్తోంది. ఈ ఉద్యోగం ఆవిడకు బాగా నచ్చింది.

మార్చి 18

తొడలు నొప్పి. దిండు పడలేదు.

మార్చి 20, గురువారం

కింది వాటా ఆయన మెట్ల దగ్గర ఆపి, "ఏంటండీ, ఒంట్లో బాగోలేదా? మనిషి అదోలా నడుస్తున్నారు" అన్నాడు. బాగుపడ్డానన్నమాట!

అమ్మడు మనిషే కనిపించడం లేదు. పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వస్తోంది. మూడు అడుగులను తిప్పి తిప్పి వాడితే తొమ్మిది సెకన్లు రాదట, నడక మొత్తం కావాలట, మలుపు తిరగడం, వంగడం, ఆగడం. "అంతా శనివారం మీదే ఉంది నాన్నా" అని నా చెయ్యి నొక్కి వెళ్ళింది. ఉండు తల్లీ, చూద్దువుగాని.

మార్చి 22, శనివారం

ఎలా రాయను.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. స్టూడియో అంటే ఏమో అనుకున్నాను, ఒక గది, తెల్లగోడ, నేల మీద రంగు టేపు అంటించిన గుర్తులు, మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా. అమ్మడు నన్ను అందరికీ చూపించి, "మా నాన్న" అంది. ఆ మాట అన్న తీరుకే నా కడుపు నిండిపోయింది. మేడమ్ గారు కూడా వచ్చారు. తెల్లజుట్టు, కాళ్ళకు పిల్లలు వేసుకునే లాంటి పచ్చ బూట్లు. "మీరేనా మా ఎలుగుబంటి! నిన్న కూడా మిమ్మల్ని చూసి నవ్వుకున్నానండీ" అన్నారు.

ఆరు అట్టపెట్టెలు చేతికిచ్చారు. నడిచాను. తల పైకి, వీపు నిటారుగా, గీత గీసినట్టు. ఆ చివరిదాకా వెళ్ళి, చక్కగా తిరిగి నిలబడ్డాను.

మేడమ్ గారు అమ్మడి వంక చూశారు.

"నాన్నా, ఏం చేశావ్?" అంది అమ్మడు మెల్లగా.

"బాగుచేసుకున్నానమ్మా. ఎనిమిది రోజులు. మీ అమ్మే నేర్పింది."

అమ్మడు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మొదట నవ్వుతోందనుకున్నాను.

సరే పాతలాగానే నడుస్తానన్నాను. నడిచాను. కాళ్ళు ఎడంగా పెట్టి, అటూ ఇటూ ఊగుతూ. "నటిస్తున్నావు నాన్నా" అంది. మళ్ళీ నడిచాను. "ఇది బాతు" అంది. ఇంకోసారి నడిచాను. మధ్యాహ్నం దాకా నడిచాను. సొంత నడక ఎలా నడవాలో మర్చిపోయిన మనిషిని నేనొక్కడినేనేమో ఈ భూమ్మీద.

మేడమ్ గారు లేచి, "సోమవారం చూద్దామమ్మా. కుదరకపోతే బయటివాళ్ళతో మాట్లాడతాను" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అంటేనే బాగుండేది.

ఇంటికొచ్చాక ఇంటావిడ విషయం విని, తడిగుడ్డ తెచ్చి నడవాలో సుద్దగీత తుడవడం మొదలుపెట్టింది. నేనూ ఒక చివర నుంచి తుడిచాను.

మార్చి 23, ఆదివారం

రాస్తుంటే చెయ్యి ఆగడం లేదు. వరసగా రాస్తాను.

పొద్దున అమ్మడు నా గది తలుపు కొట్టి, "నాన్నా, చెప్పులేసుకో" అంది. ఎక్కడికంటే చెప్పదు. బస్టాపుకు తీసుకెళ్ళింది. వచ్చిన బస్సు నా పాత రూటుదే, ఈ చివర నుంచి ఆ చివరకు గంటంపావు. ఎందుకో అప్పుడు అర్థమైంది.

లోపల సీట్లు నిండిపోయాయి గానీ నన్ను చూసి ఒకాయన లేవబోయాడు. కండక్టరమ్మ కూడా, "పెద్దాయనా, రండి, ఇక్కడ కూర్చోండి" అంది.

"వద్దమ్మా. నేను నిలబడటానికే ఎక్కాను" అన్నాను.

ఆవిడ అమ్మడి వైపు చూసింది. "మా నాన్నకి ఇష్టమండీ" అంది అమ్మడు.

"మా నాన్నకీ ఇలాంటివి చాలానే ఉన్నాయిలెండి" అంది ఆవిడ.

మొదట కర్రలాగా నిలబడ్డాను. ఎనిమిది రోజుల చదువు మరి. అమ్మడు నా పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడి, నా వైపు చూడకుండా, కిటికీలోకి చూస్తూ అంది.

"ఏడో తరగతిలో నిన్ను బడికి రావద్దన్నాను. గుర్తుందా?"

"లేదే" అన్నాను.

"ఏ చిన్న విషయమూ మర్చిపోని మనిషివి, నీకు గుర్తు లేదా?"

"ఎప్పుడో చిన్నప్పటి మాట. గుర్తు లేదు."

"నాకుంది. నువ్వు ఏమీ అనకుండా డబ్బా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయావు. నేను మేడ మీదికెళ్ళి చూశాను. నువ్వు వీధి మలుపు తిరిగేదాకా చూశాను. ఆ పొద్దు క్లాసులో నోటుబుక్కు వెనకాల గీశాను నాన్నా, నీ నడకే. అప్పటికి నాకు బొమ్మలు రావు. నడక ఒక్కటే వచ్చింది." అప్పుడు నా వైపు తిరిగి, "అది బాగుచెయ్యమని నిన్ను ఎవరడిగారు?" అంది.

ఏదో అందామనుకునేలోపు బస్సు సర్రున ఎడమకు తిరిగింది. ముందు నిలబడ్డ ఒక ముసలావిడ చేతిలో సంచి, నారింజ పళ్ళ సంచి, జారింది. రెండు చేతులతోనూ అందుకున్నాను. కడ్డీ వదిలేశాను. నడుము సీటు అంచుకు ఆనించి, కాళ్ళు ఎడంగా పెట్టి, బస్సు ఎటు ఒరిగితే అటు. మా వృత్తిలో మొదట నేర్చుకునేది అదే. డబ్బులకో చెయ్యి, టిక్కెట్లకో చెయ్యి కావాలి కాబట్టి పట్టుకోవలసిన పని నడుము చేస్తుంది. దొర్లిన పళ్ళ కోసం వెనక్కి నడిచాను, ఏరుతూ, తిరిగి ముందుకు వచ్చాను, మధ్యలో జనం. "జరగండి బాబూ, జరగండి, వెనకాల బోలెడు చోటుంది! తలుపు దగ్గర తేనె ఏమైనా పూశారా?" నోట్లోంచి అదే వచ్చింది! పదకొండేళ్ళ తర్వాత! బస్సు బస్సంతా నవ్వింది.

"పెద్దాయనా, రేపట్నించి డ్యూటీకి వచ్చెయ్యండి" అంది కండక్టరమ్మ.

ఆఖరి పండు ముసలావిడకు ఇచ్చి తలెత్తితే, బస్సు ఆ చివర డ్రైవరు వెనకాల అమ్మడు ఫోన్ ఎత్తి పట్టుకుని ఉంది. ఒక చేత్తో ఫోను, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంటోంది. ఫోను కదలకుండా ఉండాలని నడుము కడ్డీకి ఆనించి నిలబడింది. ఎవరూ నేర్పలేదు ఆమెకు.

ఆఖరి స్టాపులో దిగి తిరుగు బస్సెక్కాం. మళ్ళీ దిగి మళ్ళీ ఎక్కాం. నాలుగు ట్రిప్పులు.

ఇంటి మెట్ల దగ్గర కింది వాటా ఆయన, "అమ్మయ్య, తగ్గిందా అండీ?" అన్నాడు.

మార్చి 24, సోమవారం

మేడమ్ గారు బస్సు వీడియో చూశారట. నడక సంగతి అటుంచి, నడుము ఆనించడం దగ్గర ఆపించి, "ఇదేంటి? ఇది నాకు కావాలి" అన్నారట. ఆఖరి అక్షరం నిలబెట్టగానే అది పక్కకు ఒరగాలి, మిగతా అక్షరాలు సర్దుతూ చేతులు ఖాళీ లేని ఎలుగుబంటి దాన్ని నడుముతో ఆపాలి, ఆపి మన వైపు చూడాలి. "స్టూడియోలో వంద రోజులు నడిపించినా ఇది దొరికేది కాదు" అన్నారట.

బయటివాళ్ళతో మాట్లాడటం లేదు! లేదు! లేదు!

పాలాయనకు చెప్పాను.

మార్చి 31, సోమవారం

నెలాఖరు. ఒప్పుకున్నారు. రెండు వందల పదహారు బొమ్మలూ మా అమ్మడివే. వెనకాల చెట్టు కూడా ఉంది, దాని ఆకులు వెయ్యడానికి ఇంకొకరిని పెట్టారట. అమ్మడు ఆ అమ్మాయి పక్కన కూర్చుని కాఫీ ఇచ్చి వచ్చిందట.

ఏప్రిల్ 19, శనివారం

కొత్త సినిమా మొదటి ఆట. హాలు నిండా పిల్లలు, ఒక్కడు కూడా కుదురుగా లేడు. మా వరసలో నేను, ఇంటావిడ, అమ్మడు. అమ్మడి చెయ్యి చల్లగా ఉంది. నాకు ఒకటే భయం, ఇప్పుడు రాసుకోవచ్చు, నవ్వుతారేమోనని. నవ్వరేమోనని కూడా.

దీపాలు ఆరాయి.

తెర మీద తలుపు తెరుచుకుంది. చేతుల నిండా అక్షరాలతో వచ్చింది. నేనే. చెవి వంగి ఉన్నా, ఒంటి నిండా బొచ్చు ఉన్నా, నేనే. ఎడంగా, ఊగుతూ, నేల కదులుతున్నట్టు, ఎంత శ్రద్ధగా నడుస్తోందో! ఒకటో అక్షరం, రెండు, మూడు. పిల్లలు మొదలుపెట్టారు నవ్వడం. ముందు వరసలో ఒకళ్ళు, తర్వాత పక్కన, తర్వాత హాలంతా. ఎవరినో వెక్కిరించే నవ్వు నాకు తెలుసు. ఇది అది కాదు. పడిపోతుందేమో, పడిపోతుందేమో అని దాని కోసం ఊపిరి బిగబట్టి నవ్వే నవ్వు. ఆరో అక్షరం ఒరిగింది. "పట్టుకో!" అని ఎవరో పిల్ల అరిచింది. నడుముతో పట్టుకుంది. మన వైపు చూసింది. చప్పట్లు!

"ఏమండీ, మీరు ఇంత అందంగా ఉంటారని నాకెప్పుడూ చెప్పలేదే" అంది ఇంటావిడ నా చెవిలో.

తర్వాత సినిమా కూడా వేశారు. బాగుందనే అన్నారు అందరూ.

అయిపోయాక హాలు బయట వరండాలో మమ్మల్ని జనం తోసుకుంటూ వెళ్తున్నారు. చూద్దును కదా, పిల్లలు నడవడం లేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, చేతుల నిండా లేనివి మోస్తూ, ఊగుతూ పోతున్నారు. పదిమంది కాదు, ఇరవైమంది కాదు. అమ్మలు చేతులు పట్టి లాగుతున్నా సరే, ఊగుతూనే. ఒకడు గోడకు నడుము ఆనించి నిలబడ్డాడు, వాళ్ళ నాన్న పిలుస్తున్నా రావడం లేదు. వాళ్ళ మధ్యలో నేనూ నా మామూలుగా నడుస్తున్నాను.

అయిదారేళ్ళ పిల్ల ఒకతి నా పక్కనే ఊగుతూ వస్తూ, నా కాళ్ళ వంక చూసి ఆగింది. నడుము మీద చేతులు పెట్టుకుంది.

"తాతా, నువ్వు తప్పు చేస్తున్నావు. ఎలుగుబంటి అలా నడవదు. ఇటు చూడు, ఇలా."

నడిచి చూపించింది. నేను చూశాను.

"ఇలాగా?" అన్నాను.

"ఉహూ. కాళ్ళు ఇంకా ఎడంగా. ఆ... ఇప్పుడు ఊగు. అంత కాదు! మళ్ళీ చెయ్యి."

మళ్ళీ చేశాను. వెనకాల అమ్మడు గోడ పట్టుకుని నవ్వుతోంది, నిలబడలేక కూర్చుండిపోయింది. వరండా చివరిదాకా, మెట్లు దిగేదాకా, వాళ్ళ అమ్మ వచ్చి తీసుకెళ్ళేదాకా ఆ పిల్ల నాకు నడక నేర్పింది.

"పర్లేదు తాతా, వచ్చేస్తుంది. ఇంటికెళ్ళి ప్రాక్టీసు చెయ్యి" అని చెప్పి వెళ్ళింది.